మొదటి దోసెడు

నా ముందు ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. ముసలోణ్ణి కదా, ఎండ కాస్త ఎక్కాక దిగుదువుగాని అని పాస్టరుగారు నన్ను వరస చివర నిలబెట్టారు. ఆయన మొలలోతు నీళ్లలో ఉన్నారు. తెల్లచొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఒక్కొక్కరినీ రెండు మాటలు అడిగి, వీపు కింద చెయ్యి పెట్టి, వెనక్కి వాల్చి, ముంచి లేపుతున్నారు. లేపినప్పుడల్లా ఒడ్డునున్నవాళ్లు పాట ఎత్తుకుంటారు, అల వచ్చి ఆ పాటని సగంలో మింగేస్తుంది, అల వెనక్కి మళ్లాక మిగతా సగం వినిపిస్తుంది. అక్కుపల్లి సముద్రం. పొద్దు నీళ్లలోంచి బయటపడి ఎంతోసేపు కాలేదు, ఇంకా తడిగానే ఉన్నట్టుంది. నేను నీళ్లకేసే చూస్తున్నాను. నలభై అయిదేళ్లు ఈ ఉద్దానం ఇసకలో నూతులు తవ్వాను. పదిరోజులో పన్నెండురోజులో గోతిలో కూర్చుని గోకితే మోకాలి లోతు నీళ్లు కనబడేవి, వాటికే ఊరంతా చుట్టూ చేరి దణ్ణం పెట్టేది. ఇక్కడ చూస్తే చూపు ఆనే మేరంతా నీళ్లే. ఎవడు తవ్వాడు, ఎన్నాళ్లు తవ్వాడు, తీసిన మన్నంతా ఎక్కడ పోశాడు. చిన్నప్పుడు మా అయ్యతో వచ్చి మొదటిసారి చూసినప్పుడు కూడా ఇదే అనుకున్నాను, ఆ పోసిన మన్నే మహేంద్రగిరి కాబోలు అని. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పని మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటి ఇవాళ చెప్పాలి.

పాస్టరుగారు అడిగే రెండు మాటలూ అందరికీ ఒకటే. ప్రభువుని నమ్మావా అన్నది మొదటిది. మనుషుల దగ్గర దాచిన తప్పేదైనా నీ దగ్గరుందా అన్నది రెండోది. అవును అని ఒకసారి, లేదు అని ఒకసారి, అంతే, మీరు సాక్ష్యం చెప్పక్కర్లేదు అంద్రెయగారూ అని ఆయనే నాకు వెసులుబాటు ఇచ్చారు. జీవన్ కుమార్ ఆయన పేరు, పలాస కుర్రాడు, నా కొడుకు వయసు కూడా ఉండదు, నా నోటి సంగతి తెలుసు. మొదటిదానికి అవునంటాను. రెండోదానికి లేదంటే అబద్ధం. ఉందంటే, ఏటది అంటారు. అప్పుడు చెప్పాలి. అదుగో, సరుగుడు చెట్ల మొదట్లో, మావాళ్లలో కలవకుండా, తెల్లచీర కొంగు తలమీద కప్పుకుని సన్యాసమ్మ నిలబడి ఉంది. ఆవిడ మా చర్చి మనిషి కాదు. నేను రమ్మంటే వచ్చింది. ఆవిడ వినేలాగ చెప్పాలి.

ఎనిమిదిమంది. ఒకబ్బాయి ఉప్పునీళ్లు మింగి దగ్గుతున్నాడు, అందరూ నవ్వుతున్నారు. మా చర్చిలో పద్ధతి ఏటంటే, చిన్నపిల్లలకి నీళ్లు చల్లేసి పేరు పెట్టేయడం ఉండదు. ఎవడికి వాడు ఊహ తెలిశాక, సంఘమంతటి ముందు లేచి నిలబడి, నేనిలాగుండేవాణ్ణి, ప్రభువు నన్నిలాగ మార్చాడు అని తన నోటితో సాక్ష్యం చెప్పాలి. చెప్పాకే నీళ్లు. నీళ్లయ్యాకే రొట్టె. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు నేనూ లేచాను. ముందు బెంచీ వీపు రెండు చేతులతో పట్టుకున్నాను. మా అయ్య ఆరోను ముందు వరసలోంచి మెడ తిప్పి చూస్తున్నాడు. గోడ గడియారం చప్పుడు వినబడుతోంది, ఆడవాళ్లవైపు ఎవరిదో చంటిది ఏడిచి ఊరుకుంది, నాకు లోపల అంతా ఉంది, కడుపు నిండా ఉంది, నోట్లోకి ఒక్క మాట రాలేదు. ఎంతసేపు నిలబడ్డానో, కూర్చున్నాను. అంతే. మళ్లీ లేవలేదు. నెలకొకసారి మొదటి ఆదివారం ప్రభువు బల్ల, ప్రభువు శరీరమని రొట్టె ముక్క పంచుకుంటారు. రొట్టె పళ్లెం ఎడమపక్క మనిషి నా చేతికిస్తాడు, నేను కుడిపక్క మనిషికిస్తాను. నలభై తొమ్మిదేళ్లు. ఆ పళ్లెం బరువు నా చేతులకి తెలుసు. ఆడవాళ్లవైపు మా ఇంటిది సువర్ణమ్మ తన ముక్క తీసుకుంటుంది. పలాసలో జీడిగింజలు కొట్టి కొట్టి ఆ వేళ్లు బొగ్గులైపోయాయి, గింజ పెంకులోని రసం చర్మాన్ని కాల్చేస్తుంది, ఎన్ని బూడిదలు పెట్టి తోమినా పోదు. ఆ నల్లటి వేళ్ల మధ్య ఆ తెల్లటి ముక్క. ప్రతి నెలా చూసేవాణ్ణి. పెళ్లయిన ఇన్నేళ్లలో నువ్వెందుకు తీసుకోవు అని ఆమె ఒక్కసారి అడగలేదు. ఇవాళ పొద్దున్న మాత్రం, చీకట్లో నా పంచె మడతపెడుతూ అంది.

"లోపలేటైనా ఉంటే అక్కడే ఒగ్గీసి వచ్చీ. సముద్రం పెద్దది, ఇరుకవదు."

ఇదెలా కనిపెట్టిందో. నేను ఆమెకి కూడా చెప్పలేదు.

ఏడుగురు. నా ముందు నిలబడ్డ ఇవాంజెలిన్ చలికి పళ్లు కొట్టుకుంటోంది. టెక్కలి కాలేజీలో చదువుతోంది, పోయిన ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్తుంటే వాన కురిసినట్టుంది, ఒక మాట వెనక ఒక మాట, ఎక్కడా తడుముకోలేదు. నేను నోరు తెరుచుకుని విన్నాను. అన్ని మాటలు ఒక మనిషిలోంచి అంత సులువుగా రావడం, నాకైతే గోతి అడుగున నీళ్లు ఊరడం చూసినంత వింత. ఒడ్డునుంచి ఎల్లాజీ కేక పెడుతున్నాడు. నా పొడి పంచె వాడి భుజంమీదే ఉంది. మా పేట పక్కనే వాళ్ల వీధి, ఏ దేవుడి పండక్కి ఆ దేవుడి ప్రసాదం తింటాడు.

"బావా! ఉన్నన్నాళ్లూ నీళ్లలోనే బతికినావు, ఇంకా తడవడం అవనేదేటి నీకు!"

మావాళ్లంతా నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వారు, పెదవి కొరుక్కున్నారు. నేను చెయ్యెత్తాను. అదే నా జవాబు, వాడికి చాలు. ముప్ఫై ఏళ్లు నా మోకు వాడి చేతుల్లో ఉంది. ఇసకలో నుయ్యి అంటే మామూలు తవ్వకం కాదు. రాతి నేలైతే గొయ్యి గొయ్యిలాగే ఉంటుంది. ఇసక ఉండదు, నీ తలమీదికి నడిచి వస్తుంది. అందుకని గుండ్రటి సిమెంటు ఒర ఒకటి నేలమీద పెట్టి, దాని లోపల గొంతుక్కూర్చుని, అంచు కింద ఇసకని చేతులతో చుట్టూ సమంగా తీసుకుంటూ రావాలి. ఒక పక్క ఎక్కువ తీస్తే ఒర వాలిపోతుంది. సమంగా తీస్తే తన బరువుకి తనే కిందికి జారుతుంది. అప్పుడు దానిమీద ఇంకొకటి. అలా ఒరతోపాటు మనిషీ దిగుతాడు. పైన ఎల్లాజీ తట్టతో ఇసక లాగుతుంటాడు, లాగుతూ ఊళ్లో కబుర్లన్నీ చెప్తుంటాడు, ఊ కొట్టకపోతే నేను చచ్చాననుకుంటాడు కాబట్టి ఊ కొట్టేవాణ్ణి. రోజంతటికీ నా మాటలవే. ఇసక మొదట తెల్లగా, తర్వాత బెల్లం రంగు, తర్వాత బూడిద రంగు. చల్లదనం ముందు అరికాలికి తెలుస్తుంది. తర్వాత చప్పుడు. నీళ్లకి ముందు చప్పుడు వస్తుంది. చంటిపిల్ల నిద్దట్లో పెదాలు చప్పరించినట్టు. పనివాళ్లం కదా, ఇన్ని నూతులు చూశాం కదా, అలవాటైపోవాలి. అవలేదు. ప్రతిసారీ ఒళ్లు జలదరించి, చేతిలో పార వదిలేసి, అలా కూర్చుండిపోయేవాణ్ణి. పైనున్నవాళ్లు ఏటైందని అరిచేవారు.

నీళ్లు పడ్డాక మొదటి దోసెడు తవ్వినవాడే తాగాలి. ఎవరి తోటలో అయినా సరే, అదీ మా పక్క ఆచారం. తాగి, ఎలా ఉందో పైకి చెప్పాలి. ఆ తర్వాతే వాళ్లు పసుపు కుంకం చల్లుతారు, కొబ్బరికాయ కొడతారు, నేను పక్కకి జరిగి కళ్లు మూసుకుని నా ప్రార్థన నేను చేసుకుంటాను. పసుపు పడ్డాక ఆ నుయ్యి వాళ్లది. మళ్లీ నాకు దాహమేస్తే, దోసిలి పట్టి కింద కూర్చుంటే, పైనుంచి పోస్తారు. నా చిన్నప్పుడు అన్నిచోట్లా అంతే, తర్వాత్తర్వాత కొన్నిచోట్ల మానేశారు, కొన్నిచోట్ల మానలేదు. కాని ఆ మొదటి దోసెడు. అది పుట్టిన నిమిషంలో నీళ్లు ఎవరివీ కావు. మా అయ్య చెప్పేవాడు, నీళ్లు ముందు నీకు చెప్తాయి, నువ్వు వాళ్లకి చెప్పు, మధ్యలో నీ సొంతమాట కలపకు అని. హరిశ్చంద్రపురం దగ్గర ఒక పెద్ద ఆసామి తోటలో మా అయ్య ముప్ఫై అడుగులు దిగి, దోసెడు తాగి, ఉప్పు, పూడ్చీండి అన్నాడు. ఆసామి పైకి రప్పించి చెంపమీద కొట్టాడు. తియ్యగుందని చెప్పరా, ఊరంతా చూస్తోంది అన్నాడు. మా అయ్య చెంప తుడుచుకుని, మళ్లీ ఉప్పే అన్నాడు. ఎవరూ చెయ్యి వెయ్యకపోతే తనే రెండు రోజులు ఆ గొయ్యి పూడ్చాడు, నేను తట్టలందించాను. నాకు పన్నెండేళ్లు. మూడో క్లాసుతో బడి ఆపేశాను కదా, నాకు తెలిసిన చదువంతా ఆ రెండు రోజుల్దే. అప్పట్నుంచి ఎన్ని నూతులు, ఎన్ని దోసెళ్లు. ఉప్పుంటే ఉప్పన్నాను. చప్పగుంటే చప్పగుందన్నాను. అంద్రెయ నోట్లోంచి రోజుకి ఒక్క మాట వస్తుంది, అది మాత్రం రాయి అనేవాళ్లు. ఆ ఒక్కటే నా పేరు. ఇంకేం లేదు నాకు.

అయిదుగురే ఉన్నారు. ఎప్పుడు ఇద్దరు ముందుకెళ్లారో చూసుకోలేదు. ఇసక కాళ్లకింద కరుగుతోంది, అల వెనక్కి పోయినప్పుడు మడమ కింద గొయ్యి పడుతుంది, నా ప్రమేయం లేకుండా ఇక్కడ కూడా తవ్వకమే. తొంభై తొమ్మిది తుఫానప్పుడు ఇదే సముద్రం. ఇవాళ ఇలా దూడలాగ కాళ్లు నాకుతోందా, ఆ రోజు దీని అరుపు మా పేటదాకా వినిపించింది. పొద్దున్న లేచి చూస్తే కొబ్బరిచెట్లన్నీ ఒకే పక్కకి పడుకుని ఉన్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. నాకు భయం వెయ్యలేదు. ఏడుపు రాలేదు. ఇంత చెయ్యగలిగినవాడెవడో వాడి ముందు నేను చీమని కూడా కాను అనిపించి, మోకాళ్లమీద కూర్చున్నాను. తర్వాత దాహం. సన్యాసమ్మ వాళ్ల ఊరి నుయ్యి చెట్లు విరిగిపడి, మేకలు పడి చచ్చి, దగ్గరికి వెళ్లలేకుండా అయిపోయింది. మూడు వారాలు దూరంనుంచి మోసుకు తాగారు. ఆవిడ మొగుడు తిరుపతిరావు నన్ను పిలిపించాడు. తొమ్మిది ఒరలు దొరికాయి, ఇంకొకటి ఎక్కడా దొరకదు, వీటితోనే ఎలాగైనా తియ్యి అంద్రెయా అన్నాడు. తన తోటలో జీడిచెట్ల పక్కన చోటు చూపించాడు. తోట నాది, నుయ్యి మాత్రం ఊరిది అన్నాడు. తన చెట్లు నూటికి తొంభై పడిపోయాయి, ఆ మనిషి ఆ మాట అన్నాడు.

పదకొండు రోజులు. పదకొండో రోజు మధ్యాహ్నం, తొమ్మిదో ఒర దిగాక, చప్పుడు వినబడింది. నీళ్లు పడ్డాయి. ఊటలు నాలుగు పక్కల నుంచీ వచ్చాయి. తేరుకున్నాక ముంచి తాగాను. ఇప్పటికీ ఆ రుచి చెప్పమంటే చెప్పగలను. ఉప్పు కాదు. చేదు అని కూడా కాదు. తుప్పుపట్టిన మేకు నోట్లో పెట్టుకున్నట్టు ముందు, దాని వెనక నాలిక మొదట్లో ఇంకేదో, పేరు తెలీని జిగట. రెండో దోసెడు తాగాను. అదే. ఇంకో మూడు ఒరలు దిగితే ఆ పొర దాటుతుందేమో. ఒరలు లేవు. పూడ్చి యాభై అడుగుల అవతల మళ్లీ మొదలెడితే ఇంకో పదకొండు రోజులు. తలెత్తాను. పైన గుండ్రంగా ఆకాశం, ఆకాశం అంచున చుట్టూ తలకాయలు. ముసలివీ, చిన్నవీ. ఒక్కరూ మాట్లాడ్డం లేదు. అంత మంది నోళ్లు మూసుకుని నా ఒక్కడి నోటికోసం చూడడం నాకు పంతొమ్మిదేళ్లప్పటి తర్వాత అదే. సన్యాసమ్మ సత్తుబిందె చంకలో పెట్టుకుని వంగింది. పెదాలు పగిలి ఉన్నాయి.

"ఎలగుంది అంద్రెయా?"

తియ్యగుంది అన్నాను.

పైన అరుపులు, ఈలలు. తిరుపతిరావు ఏడిచాడని ఎల్లాజీ తర్వాత చెప్పాడు. బిందె దిగింది, నిండింది, పైకి వెళ్లింది. నేను అడుగున నిలబడి ఆ బిందె వెళ్లడం చూశాను. నా తలమీద చుక్కలు పడుతున్నాయి. మా అయ్య అప్పటికి పోయి ఇరవై ఏళ్లు, ఆ నూతిలో నా ఎదురుగా నిలబడ్డట్టుంది. ఆ రాత్రి సువర్ణమ్మ అన్నం పెడితే నోరు బాగులేదన్నాను. అదీ అబద్ధం కాదు.

నలుగురు. ఎండ వీపుకి తగులుతోంది. జీడిపూత వాసన గాలికి ఇంతదూరం వస్తోంది, మాఘమాసం కదా. ఆ తర్వాత మూడు నాలుగేళ్లు ఏమీ లేదు. నేను ఆ తోటవైపు వెళ్లినప్పుడల్లా తిరుపతిరావు కొత్త మొక్కలు చూపించేవాడు. తర్వాత ఆ ఊళ్లో ఒకరికి కాళ్లు వాచాయి. ఇంకొకరికి. కిడ్నీలు పోయాయన్నారు. ఆ ఒక్క ఊరే కాదు, ఉద్దానమంతా అక్కడొకరు అక్కడొకరు, నేను తవ్విన ఊళ్లూ ఉన్నాయి, తవ్వని ఊళ్లూ ఉన్నాయి, బోర్ల నీళ్లు తాగేవాళ్లూ ఉన్నారు. ఎవరెవరో వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారు. నీళ్లే అన్నవాళ్లున్నారు, ఎండలో పని అన్నవాళ్లున్నారు, మందులు అన్నవాళ్లున్నారు, ఇదీ అని తేల్చినవాళ్లు లేరు. నాకు మాత్రం ప్రతి వాచిన కాలూ నావైపే నడిచొస్తున్నట్టుండేది. పోయిన ఏడు తిరుపతిరావుకి వచ్చింది. వారానికి రెండుసార్లు విశాఖపట్నం తీసుకెళ్లి రక్తం కడిగించేవారు. చూడ్డానికి వెళ్లాను. జీడిచెట్టు కింద నులకమంచంమీద ఉన్నాడు, మొహం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి. కూర్చో అంద్రెయా అని మంచం పట్టీ చూపించాడు. వాళ్ల మంచంమీద నేనెప్పుడూ కూర్చోలేదు. కూర్చున్నాను. గంటసేపు. ఆ మాట నా పళ్ల వెనకదాకా వచ్చింది. సూడు, చెట్లెలగెదిగాయో, నీ నూతి నీళ్లే అన్నాడు. నేను చెట్లు చూశాను. లేచి వచ్చేశాను. కార్తీకమాసంలో పోయాడు. చెప్పాల్సిన మనిషి పోయాడు, మాట నా దగ్గర మిగిలిపోయింది. దినాల తర్వాత సన్యాసమ్మ దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. అరుగు చివర కూర్చోడం, ఆవిడ మజ్జిగివ్వడం, తాగి వచ్చేయడం. ఆవిణ్ణి కూడా ఇలాగే పోగొట్టుకుంటానని భయం పట్టుకుంది. అందుకే పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, నన్ను ముంచండి అన్నాను. అందుకే సన్యాసమ్మతో, ఆదివారం పొద్దున్న అక్కుపల్లి సముద్రం కాడికి రా తల్లీ అన్నాను. ఆవిడతో నేనన్న మాటలన్నిట్లోకీ అదే పొడుగు. ఎందుకంది. నేను చెప్పలేదు. అయినా వచ్చింది చూడు. నా అంతట నేను చెప్పలేనని తెలిసి, దేవుడి ముందూ జనం ముందూ నన్ను నేనే కట్టేసుకున్నాను. దేవుణ్ణి మోకులాగ వాడుకుంటున్నానేమో. అది కూడా తప్పేనేమో. కాని గోతిలో ఉన్నవాడికి మోకు తప్ప ఇంకేం కనబడుతుంది.

ఇద్దరు. ముందున్నాయన అయ్యాక ఇవాంజెలిన్ దిగింది. ఆ పిల్ల అవును అన్నది నాకు ఇక్కడికి వినబడింది. వెనక్కి వాలింది, జడ నీళ్లమీద తేలింది, లేచింది. లేచినప్పుడు దాని మొహం. పుట్టగానే పసిపిల్లలకి తప్ప అలాంటి మొహం ఇంకెవరికీ చూళ్లేదు. నన్ను దాటి ఒడ్డుకి పోతూ, ఎల్లండి తాతా, నీళ్లు ఎచ్చగున్నాయి అంది.

నేను. వెచ్చగా లేవు. మోకాళ్లు, తొడలు, మొల. నూతి నీళ్లు ఎప్పుడూ కింద నుంచి వస్తాయి, ఇవి అన్ని పక్కలనుంచీ తోస్తున్నాయి. పాస్టరుగారు నా భుజం పట్టుకున్నారు. చెవి దగ్గరగా, గట్టిగా అడిగారు. ప్రభువుని నమ్మారా అంద్రెయగారూ. అవును అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. మనుషుల దగ్గర దాచిన తప్పేదైనా మీ దగ్గరుందా. ఆయన చెయ్యి అప్పుడే నా వీపు కిందికి వచ్చేసింది, జవాబు తెలిసిపోయినట్టు. ఒడ్డున పాటకి గొంతు సవరించుకుంటున్నారు. నోరు తెరిచాను. రాలేదు. గోడ గడియారం చప్పుడు, బెంచీ వీపు, మా అయ్య మెడ. ఒక అల వచ్చి వెళ్లింది. ఇంకొకటి. పాస్టరుగారు నా మొహంలోకి చూసి, పరవాలేదండీ, తలాడిస్తే చాలు అన్నారు. తలాడిస్తే చాలు. అంత సులువు. సరుగుడు చెట్లకేసి చూశాను. ఆవిడ కొంగు తీసేసి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని, నన్నే చూస్తోంది.

"ఉంది!" అన్నాను. అరిచాను. సముద్రంమీద అరవకపోతే వినబడదు కదా. "సన్యాసమ్మ తల్లీ! ఆ రోజు నీళ్లు తియ్యగా నేవు! తుప్పు రుచుంది! ఏదో తేడాగుంది! నాకు తెలుసు! తెలిసే తియ్యగుందన్నాను! ఒరలు నేవు, మీ మొహాలు సూడలేకపోనాను! అబద్ధమాడినాను!"

పాట లేదు. ఒడ్డు ఒడ్డంతా నిలబడిపోయింది. సువర్ణమ్మ నల్లటి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరుగారి చెయ్యి నా వీపు కింద అలాగే ఉండిపోయింది, ముంచాలో వద్దో తెలీక. కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా బాగుణ్ణనుకున్నాను. సన్యాసమ్మ నడుచుకుంటూ వస్తోంది. తడి ఇసక దాటింది. నీళ్లలోకి దిగింది. చీర ఎత్తి పట్టుకోలేదు. అల నడుముకి తగిలి పక్కకి తూలింది, నిలదొక్కుకుంది, మళ్లీ నడిచింది. నా ఎదురుగా వచ్చి ఆగింది. ఊపిరి ఎగబోస్తోంది.

"ఇది సెప్పడానికేటి నన్నింత దూరం రప్పించినావు?"

నేను తలొంచుకున్నాను.

"మాకు నాలికల్లేవనుకున్నావేటి? ఆ రోజే మొదటి బిందె తాగినాం. తుప్పని తెల్దేటి? మా అత్త అననే అంది, అంద్రెయకి నోటి రుచి పోయినట్టుందే అని. మా ఆయన గసిరినాడు. పదకొండు దినాలు గోతిలో కూకున్నాడు, ఒక్క మాట సెప్పినాడు, ఉండనీ అన్నాడు." ఒక అల వచ్చింది, ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది, అల పోయాక కూడా వదల్లేదు. "నువ్వు తియ్యగుందన్నావని తాగనేదు. దాహమేసి తాగినాం."

నాకు కాళ్లకింద ఇసక లేదు. ఏడేళ్లు. ఊరు ఊరంతా తెలిసి, నా ముందు ఒక్కరూ అనకుండా, నా ఒక్క మాటని నాకోసం మోశారు. ఆ తలకాయలన్నీ. పగిలిన ఆ పెదాలు. నేను వాళ్లకోసం మోస్తున్నాననుకున్నాను. ఇంత సముద్రం చూసి ఆశ్చర్యపోయానే, ఆ ఊరి జనం ఇంకా లోతు, అడుగు తెలీని లోతు, నా నలభై అయిదేళ్ల తవ్వకంలో అంత లోతుకి నేనెప్పుడూ దిగలేదు. మంచంమీద ఆ ఉబ్బిన మొహం చెట్లు చూపించింది. తెలిసే చూపించింది.

"మరి తిరుపతిబాబు..." అన్నాను.

ఆవిడ మొహం మారింది. సముద్రంకేసి చూస్తూ అంది. "నీ నీళ్లకే పోనాడో ఇంకోదానికే పోనాడో, నాకు తెల్దు, నీకు తెల్దు. సీసాల్లో పట్టుకెళ్లినోళ్లకీ తెల్దు. తెలిసిన్నాడు వచ్చి నీతో దెబ్బలాడతాను. అప్పుడు ఊరుకోను, సెప్తన్నాను. ఇయాళ కాదు." తర్వాత పాస్టరుగారికేసి తిరిగింది. "సూత్తారేటి బాబూ, ముసలాయన వణికిపోతన్నాడు. ముంచీండి."

పాస్టరుగారు ఏడుస్తున్నారు, లేకపోతే ఉప్పునీళ్లో. ఇంకేం అడగలేదు. పేరు చెప్పారు, తండ్రి కుమార పరిశుద్ధాత్మ అన్నారు. నేను ఇన్నేళ్లూ నీళ్లలోకి నిలువునా దిగాను, కళ్లు తెరుచుకుని, కాళ్లతో ముందు తడుముకుని. వెనక్కి వాలడం, ఏముందో చూడకుండా వీపు అప్పగించేయడం నాకు తెలీదు. వాలాను. ఆకాశం ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఉంది, చుట్టూ అంచు లేదు. నీళ్లు మూసుకున్నాయి. చప్పుడంతా పోయింది. వీపు కింద పాస్టరుగారి చెయ్యి ఉంది, మోచెయ్యి దగ్గర ఇంకో చెయ్యి ఉంది, అది వదల్లేదు, అదీ నాతోపాటు నీళ్లలోకి వచ్చింది.

లేపారు. పాట మొదలైంది, ఎవరికి వాళ్లు వేరే వేరే చోట ఎత్తుకున్నారు. ఎల్లాజీ మొలలోతు నీళ్లలోకి పరిగెత్తుకొచ్చేశాడు, పొడి పంచె కూడా తడిపేశాడు, ఏడేళ్లు ఈ ముక్క కడుపులో పెట్టుకున్నావేట్రా బావా, నేనూ తాగినాను కదరా ఆ నీళ్లు, నన్నడిగితే సెప్పనా అని తిడుతున్నాడు. సువర్ణమ్మ తన కొంగుతో నా తల తుడుస్తోంది. నేను తిరుపతిరావు తోట సంగతి ఎత్తానో లేదో, మాట మీద మాట వచ్చేసింది, ఆ తోటే ఎందుకు, బారువ దగ్గర ఒక నుయ్యి ఉందే అన్నాను, అక్కడ ఇసక బెల్లం రంగులో మొదలైంది అన్నాను, నీళ్లు పడే ముందు ఒక చప్పుడొస్తుంది తెలుసా, చిన్నప్పుడు మా అయ్య ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు మహేంద్రగిరిని చూసి నేనేమనుకున్నానంటే అన్నాను. సన్యాసమ్మ చీర పిండుకుంటూ ఆగి వింటోంది. ఇవాంజెలిన్ వింటోంది. ఇదెవరు మాట్లాడుతున్నారు అనిపించింది నాకు.

"ఊరుకోవయ్యా, నోట్లోకి ఉప్పునీళ్లు పోతన్నాయి" అంది సువర్ణమ్మ.

ఊరుకోలేదు. నోట్లో ఉప్పునీళ్లతోనే చెప్తున్నాను.